ఎండ మనకు కొత్తా?

మే నెల, రెండో శనివారం, పొద్దున ఎనిమిదీ నలభై. అరిజోనాలో అపాచీ జంక్షన్ ఊరి చివర లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కులో కారు ఆపి, డిక్కీ తెరిచి నీళ్లు లెక్క చూస్తున్నాను. మనిషికి మూడు లీటర్లు. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన పెద్ద సీసాలు రెండూ ఇంట్లోనే మర్చిపోయామని అప్పుడు తెలిసింది. వెనక్కెళ్లి ఎక్కడన్నా కొనుక్కొద్దామా అన్నాను. మా బాబాయి కొడుకు అప్పటికే బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. టెంపీలో ఎమ్మెస్ చదవడానికి వచ్చి తొమ్మిది నెలలైంది వాడికి. "ఎండ మనకు కొత్తా అన్నా? కొత్తగూడెంలో పుట్టినోళ్లం. అలిపిరి మెట్లు రెండుసార్లు ఎక్కిన. పోదాం పా" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. డిక్కీ వేసేశాను.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. ఫీనిక్స్ చుట్టుపక్కల చాండ్లర్‌లో, గిల్బర్ట్‌లో, టెంపీలో ఉండే తెలుగువాళ్ల నోట ఈ పదకొండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడానికి నేనే ఎంతమందితో అన్నానో కూడా లెక్కలేదు. పాములకూ తేళ్లకూ భయపడి షూ దులిపి వేసుకుంటాం గానీ ఈ మాటకు భయపడం. ఈ ఎడారి కొండల మీద మనం నిజంగా భయపడాల్సింది దీనికే.

ముందు ఆ కొండ సంగతి చెప్పాలి.

ఫీనిక్స్‌కు తూర్పున, ఎడారి చదును మీద ఉన్నట్టుండి లేచిన కోటగోడలా ఉంటాయి సూపర్‌స్టిషన్ పర్వతాలు. దాదాపు 2 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన బూడిద తన వేడికి తానే అతుక్కుపోయి రాయిగా మారింది. ఆ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బల్లపరుపు కొమ్ము పేరు ఫ్లాట్‌ఐరన్. పేరుకు తగ్గట్టు, బొగ్గుల ఇస్త్రీపెట్టెను మొన మనవైపు తిప్పి పెట్టినట్టే ఉంటుంది. పైకి వెళ్లే దారి సైఫన్ డ్రా. పోను రాను ఆరు మైళ్లకు కాస్త అటూఇటూ. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 2,800 అడుగులు. అంకెల్లో చూస్తే పెద్దగా భయపెట్టదు. కానీ అందులో సగానికి పైగా ఎత్తు ఆఖరి మైలులోనే ఉంది.

మొదటి రెండు మైళ్లు నిజమైన దారి. సువారో అనే నిలువెత్తు జెముడు చెట్ల మధ్య గులకరాళ్ల బాట, తర్వాత రాతి మెట్లు, ఆ తర్వాత నీళ్లు పారి పారి నున్నగా అరిగిన పెద్ద రాతి గిన్నెలాంటి చోటు. దాన్ని బేసిన్ అంటారు. అక్కడితో అధికారికంగా దారి అయిపోతుంది. ఆ పైన ఎవరూ బాగుచెయ్యరు, కాపాడరు. మంచమంత బండలు, కాలు పెడితే జారే రాళ్లపొడి, రెండు చేతులూ వాడక తప్పని చీలిక. పైకి చేరతామనగా మనిషి ఎత్తును మించిన ఒక గోడ. అలిపిరిలో 3,550 మెట్లుంటాయి, నెత్తిన పైకప్పు ఉంటుంది, పక్కన కుళాయి ఉంటుంది, కాళ్లు లాగితే కూర్చోడానికి అరుగుంటుంది, పక్కనే గోవిందా అనే గొంతుంటుంది. సైఫన్ డ్రాలో ఒక్క చుక్క నీళ్లు దొరకవు. చలివేంద్రం పెట్టే పుణ్యాత్ములు ఆ కొండకు లేరు.

ఇంకో సంగతి ఉంది. నా మటుకు నాకు ఇదే అసలు మెలిక. ఈ దారి కొండకు పడమటి వైపు ఉంది. పొద్దున ఎక్కేటప్పుడు సూర్యుడు కొండ వెనక ఉంటాడు. ఆ గోడ నీడ మన మీద పడుతుంది. ఎనిమిదిన్నరకు కూడా అక్కడ చల్లగా, హాయిగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ గాలి ఇంకా చల్లబడుతుంది. పాదానికీ శిఖరానికీ పది పదిహేను డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది. అంటే ఎక్కినంతసేపూ "ఏం లేదు, బాగానే ఉంది" అనిపిస్తుంది. దిగేటప్పటికి అంతా తిరగబడుతుంది. సూర్యుడు పడమటికి వచ్చి సూటిగా మొహం మీద కొడతాడు. పొద్దుటి నుంచి కాగిన రాయి కింది నుంచి సెగ కక్కుతుంది. అడుగు కిందికి వేసినకొద్దీ వేడి పెరుగుతుంది. ఒంట్లో నీళ్లు, ఉప్పు, కాళ్లలో బలం అన్నీ తగ్గిపోయిన గంటలోనే కొండ తన అసలు ఎండ చూపిస్తుంది.

ఆ రోజు ఫోన్‌లో చూపించిన అంకె 102. సెల్సియస్‌లో 39. కొత్తగూడెంలో మే నెలలో 39 అంటే "ఈరోజు కాస్త నయం" అంటారు. కానీ వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత ఎక్కడైనా నీడలో, గాలి ఆడే పెట్టెలో, నేలకు అంత ఎత్తున కొలిచింది. బండ మీద చెయ్యి ఆనించి ఎక్కేవాడికి ఆ అంకెతో పని లేదు.

పన్నెండున్నరకు పైకి చేరాం. పైన గాలి వీస్తోంది. కింద అపాచీ జంక్షన్ ఇళ్లు అగ్గిపెట్టెల్లా, దూరంగా ఫీనిక్స్ మసక మసగ్గా. ఫొటోలు దిగాం. పులిహోర తిన్నాం. నా దగ్గర లీటరు మిగిలింది, వాడి దగ్గర అర లీటరు కూడా లేదు. పైకి వచ్చేశాం కదా, సగం అయిపోయింది అనుకున్నాం. పెద్ద తప్పు అదే. దూరం సగమైంది గానీ కష్టంలో మూడోవంతు కూడా కాలేదు.

దిగడం మొదలుపెట్టిన గంటకు నీళ్లు అయిపోయాయి. మా వాడు మామూలుగా నోరు మూయడు. క్లాసులు, రూమ్మేట్లు, క్రికెట్, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. వెనక నుంచి రాళ్లు దొర్లిన చప్పుడు వినిపించి తిరిగి చూస్తే, చిన్న బండ మీద కాలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక నిలబడిపోయి ఉన్నాడు. మొహం ఎర్రగా లేదు, పాలిపోయి ఉంది. చెయ్యి పట్టుకుంటే చర్మం పొడిగా ఉంది, ముంజేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "చలేస్తుందన్నా" అన్నాడు. అంత ఎండలో ఆ మాట విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

అప్పుడే ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో దాచకుండా చెప్తాను. సిగ్గు. హెలికాప్టర్ వస్తుంది, వార్తల్లో చూపిస్తారు, మనవాళ్లందరికీ తెలుస్తుంది, బాబాయికి ఏం చెప్పను, స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లాడికి ఏమన్నా ఇబ్బంది అవుతుందేమో. ప్రాణం పోయే చోట నిలబడి ఇవన్నీ ఆలోచించాను. కొండ మీద సాయం అడిగితే వీసా పోతుందన్న భయానికి ఆధారమే లేదు. అయినా ఆ నిమిషంలో అదే నిజమనిపించింది.

బేసిన్ దాకా ఎలాగో నడిపించుకొచ్చాను. బండల నుంచి దిగి వస్తూ వాడు దారి పక్కనున్న చోయా మొక్కను రాసుకుంటూ వచ్చేశాడు. దూరం నుంచి చూస్తే బంగారు రంగు నూగుతో ముద్దొచ్చే జెముడు అది. నిమ్మకాయంత ముళ్ల ఉండలు తేలిగ్గా విరిగి ఒంటికి పట్టుకుంటాయి. ఒక ఉండ పిక్కలో దిగింది. వాడు వంగి చేత్తో లాగబోయాడు.

"ముట్టుకోకు!" అని పక్కనుంచి ఒక కేక. బండ కింద జానెడు నీడలో ఒకావిడ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. పక్కన వెండి రంగు గొడుగు. లేచి వచ్చి జేబులోంచి దువ్వెన తీసింది. మామూలు దువ్వెన, మన ఇళ్లలో అద్దం దగ్గర ఉండేలాంటిది. దాన్ని చర్మానికీ ముళ్ల ఉండకూ మధ్యలోకి మెల్లగా జారవిడిచి, ఒక్క విదిలింపు విదిలించింది. ఉండ ఎగిరి అవతల పడింది. చోయా ముల్లు చివర గాలానికుండేలాంటి వంపులుంటాయి. వేళ్లతో లాగితే పిక్కను వదిలి వేళ్లకు పట్టుకుంటుంది. మిగిలిన నాలుగైదు ముళ్లు చిమటాతో ఒక్కొక్కటే తీస్తూ, ఆవిడ వాడితో మాట్లాడుతూనే ఉంది. పేరేంటి, ఈరోజు ఏ వారం, పొద్దున ఏం తిన్నావు. ముళ్లు తీయడం కంటే ఆ జవాబుల మీదే ఆవిడ దృష్టి అని నాకు తర్వాత అర్థమైంది. వాడు తడుముకున్నా సరిగ్గానే చెప్పాడు. ఒక్కటి తప్పు చెప్పినా తానే ఫోన్ చేసేదాన్నని అంది.

నీడలో పడుకోబెట్టి, చొక్కా తడిపి, మెడ మీద తడిగుడ్డ వేసింది. ఉప్పు కలిపిన నీళ్లు గుక్క గుక్కగా తాగించింది, ఉప్పు చల్లిన చిప్స్ రెండు మూడు నమిలించింది. గంట కూర్చున్నాం. వాడికి చెమట మళ్లీ పట్టింది. నొసటి మీద ఆ చెమట చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగున్నర దాటాక కారు చేరాం. ఆవిడ పేరు అడగడం కూడా మర్చిపోయాను.

ఆ రాత్రి నుంచి నన్ను తొలిచిన ప్రశ్న ఇది: రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయనే సామెత మధ్య పెరిగినవాళ్లం, బొగ్గు గనుల ఊరి వాళ్లం, మాకెందుకిలా అయింది?

మొదటి కారణం గాలి. మన ఊళ్లలో, కోస్తాలో మరీ, ఎండంటే ఉక్క. చెమట కారి చొక్కా వీపుకు అంటుకుంటుంది, చిరాకేస్తుంది, ఆ చిరాకే మనల్ని నీడలోకి తోస్తుంది. ఇక్కడ మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ పది శాతం లోపుకు కూడా పడిపోతుంది. చెమట పట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని ఒంట్లోంచి తీసుకుపోతుంది. కాబట్టి శరీరం చల్లబడే పద్ధతి ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నీళ్లు ఉన్నంతసేపు. ఎంత పోయిందో మాత్రం కనిపించదు. చొక్కా పొడిగానే ఉంటుంది. నిట్టనిలువు బండలెక్కేటప్పుడు గంటకు లీటరు చెమట పోవడం వింతేమీ కాదు. దాదాపు ఎనిమిది గంటలు, మూడు లీటర్లు. లెక్క వెయ్యడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. మేమిద్దరం ఇంజినీర్లమే.

రెండోది ఉప్పు. చెమటతో పోయేది ఉత్త నీళ్లే కాదు. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు, మతి తప్పడం దాకా వస్తుంది. గ్రాండ్ కాన్యన్‌లో రేంజర్లు నీళ్లతో పాటు ఉప్పు తిండి తినమని పదే పదే చెప్పేది ఇందుకే. మన మజ్జిగలో ఉప్పెందుకు వేస్తారో, చద్దన్నంలోకి ఉప్పు, పచ్చిమిరపకాయ, ఊరగాయ ముక్క ఎందుకో మనకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. చెప్పక్కర్లేకుండా తిన్నాం. ఇక్కడికొచ్చాక కొండకు వెళ్తూ ప్రోటీన్ బారు పట్టుకెళ్తున్నాం.

మూడోది చాలామంది ఒప్పుకోరు. వాదించడానికి వస్తారు. ఎండకు ఓర్చుకునే గుణం పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండేది కాదు. రోజూ గంటా గంటన్నర వేడిలో కష్టపడితే వారం రెండు వారాల్లో శరీరం సర్దుకుంటుంది. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, దాంతో పోయే ఉప్పు తగ్గుతుంది. మానేస్తే నెల తిరక్కుండానే ఆ సర్దుబాటు చాలావరకు పోతుంది. కొత్తగూడెంలో నేను పుట్టి ఎన్నేళ్లయిందన్నది నా గుండెకూ నా చెమటకూ తెలియదు. నిన్నటిదాకా నేను ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులో ఏసీ ఆఫీసుకు వెళ్లానన్నదే వాటికి తెలుసు. మా తమ్ముడూ అంతే. తొమ్మిది నెలలు లైబ్రరీ, ల్యాబు, అపార్ట్‌మెంటు.

ఓర్చుకునే శక్తి నిజంగానే మన నేలలో ఉంటే 2015 మే నెల మన దగ్గర అలా ఉండేది కాదు. ఆ వేసవి వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. వాళ్లకు ఎండ కొత్తా?

మా నాన్న సింగరేణిలో ఓపెన్‌కాస్ట్‌లో, అంటే ఎండలోనే తవ్వే పైకప్పు లేని గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. కొన్నేళ్ల కిందట వేసవి సెలవుల్లో అమ్మానాన్న మా దగ్గరికొచ్చారు. నాలుగున్నరకే లేచి, చీకట్లో షూ వేసుకుని బయల్దేరేవాడు. ఆరుకల్లా ఇంట్లో ఉండేవాడు. వచ్చీ రాగానే తూర్పు వైపు కిటికీల బ్లైండ్స్ దించేవాడు, పదకొండుకు పడమటివి. నెత్తికి తడి తువ్వాలు లేనిదే మెయిల్ బాక్సు దాకా కూడా పోయేవాడు కాదు. నేను నవ్వేవాణ్ణి. "నాన్నా, ఎండలో ఇరవయ్యేళ్లు పనిచేసినవాడివి, నీకేంటి భయం?" అనేవాణ్ణి. "పనిచేసినా కాబట్టే" అన్నాడు ఒకసారి. క్వారీలో వేసవిలో మజ్జిగ ఇచ్చేవాళ్లని, తాగకుండా పోయే కుర్రాళ్లను పెద్దవాళ్లు తిట్టి తాగించేవాళ్లని, ఎవడన్నా మాట తడబడితే వెంటనే పని ఆపించి నీడకు తెచ్చేవాళ్లని చెప్పాడు.

అంటే ఎండను భరించగలమనే గొప్ప మన పెద్దల దగ్గర లేదు. ఎండను తప్పించుకోవడం వాళ్లకు తెలుసు. రైతు పొద్దు పొడవకముందే పొలంలో ఉంటాడు, పదింటికి చెట్టు కిందికి వస్తాడు, మళ్లీ పొద్దు వాలాకే దిగుతాడు. మిట్టమధ్యాహ్నం బయటికి పోతే గాలి సోకుతుందని మా నానమ్మ భయపెట్టేది. మా చిన్నప్పుడు దాన్ని మూఢనమ్మకం అనుకున్నాం. తలపాగా, తాటాకు గొడుగు, అంబలి, మజ్జిగ, వీధి మొగల్లో చలివేంద్రం, జేబులో ఉల్లిపాయ కూడా కలుపుకోండి, ఉల్లిపాయ వల్ల ఏమీ ఒరగదుగానీ ఎండంటే జాగ్రత్త అని అది గుర్తుచేస్తుంది. సముద్రం దాటి వచ్చేటప్పుడు వీటన్నిటినీ అక్కడే వదిలేసి, "ఎండ మనకు కొత్తా" అనే గొప్ప ఒక్కటి మోసుకొచ్చాం.

ఈ ఎడారి చెట్టు కూడా మా నాన్నలాంటిదే. సువారోను చూడండి. నూట యాభై ఏళ్లు బతకగలదు. వాన పడ్డప్పుడు ఒళ్లంతా ముడతలు విప్పుకుని నీళ్లు పీల్చి దాచుకుంటుంది. అంత నీళ్లు కడుపులో ఉన్నా పగలు తన రంధ్రాలు తెరవదు. రాత్రి చల్లబడ్డాకే తెరిచి గాలి పీల్చుకుంటుంది. పగలు తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయని దానికి తెలుసు. మే నెలలో దాని నెత్తిన పూసే తెల్లపూలు కూడా రాత్రే విచ్చుకుంటాయి, మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటాయి. మేం పన్నెండున్నరకు శిఖరం మీద ఫొటోలు దిగుతున్న వేళకు కింద ఆ చెట్లన్నీ నోరు మూసుకుని ఉన్నాయి.

ఇక గేట్ల సంగతి. ఫీనిక్స్ నగరం నడిబొడ్డున క్యామెల్‌బ్యాక్ కొండ ఉంది, 2,704 అడుగులు. తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆ కొండ దారుల్నీ, పియెస్టెవా పీక్ దారుల్నీ నగరం మూసేస్తుంది. 2021లో మొదలుపెట్టినప్పుడు పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా మూసేవారు, తర్వాత పొద్దున మూసే వేళను ఇంకా ముందుకు జరిపారు. దీని మీద మన స్నేహితుల్లోనే ఎంత చిరాకో. పెద్దవాళ్లం, మా ప్రాణం మా ఇష్టం, గేటు వెయ్యడానికి వీళ్లెవరు అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. ఇప్పుడు అనను. 2021 వేసవిలో క్యామెల్‌బ్యాక్ మీద జనాన్ని కాపాడటానికి వెళ్లిన ఫైర్ సిబ్బందే ఎండదెబ్బకు జబ్బుపడ్డారు. మూసేయమని అడిగినవాళ్లలో వాళ్ల యూనియన్ ఉంది. మన ఇష్టం మన ప్రాణం దగ్గర ఆగదు. బూట్లు, బరువైన సామాను, స్ట్రెచర్ మోస్తూ అదే ఎండలో అదే రాయి మీద పరుగెత్తేవాళ్ల ప్రాణం కూడా అందులో ఉంది. వాళ్లు రామని అనరు. అందుకే వాళ్లను పిలిచే పరిస్థితి తెచ్చుకోకూడదు. పరిస్థితి వచ్చిందా, సిగ్గుపడకుండా పిలవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ఆ నిబంధన నగరం చేతిలో ఉన్న దారులకే. సూపర్‌స్టిషన్ పర్వతాల్లో మన బుద్ధే గేటు. అక్కడ జాకబ్ వాల్ట్జ్ అనే జర్మన్ దాచిన బంగారు గని ఉందని ఒక కథ. ఆయన 1891లో చనిపోయాడు. పార్కు పేరులోని డచ్‌మన్ ఆయనే. ఆ బంగారం కోసం 2010 జులైలో యూటా నుంచి ముగ్గురు వచ్చారు. జులైలో. మరుసటి జనవరిలో వాళ్ల అవశేషాలు దొరికాయి.

2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండ కారణంగా 645 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కొండలెక్కినవాళ్లు కాదు. ఇల్లు లేక రోడ్డు మీద ఉన్నవాళ్లు, ఇల్లుండీ ఏసీ పనిచెయ్యనివాళ్లు. వాళ్లకు తప్పించుకునే దారి లేదు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు మా డిక్కీ గుర్తొస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ నిండా చల్లటి నీళ్లు, పది నిమిషాల దూరంలో షాపు, కారు నిండా పెట్రోలు పెట్టుకుని, రెండు సీసాలు కొనడానికి బద్ధకించాం.

కొండలెక్కడం మానమని నేను అనను. నేను మానలేదు. నవంబరు నుంచి మార్చి దాకా సైఫన్ డ్రా అంత అందమైన దారి నాకు ఇంకోటి తెలియదు. వాన వెలిసిన పొద్దున క్రియోసోట్ పొదల వాసన పీల్చినవాడికి ఈ ఎడారి మీద బెంగ పుట్టుకొస్తుంది, మన మట్టివాసన మీద ఉన్నంత బెంగ. మే వచ్చాక కూడా వెళ్తాను. కానీ తెల్లవారుతుండగా మొదలుపెట్టి, బేసిన్ దగ్గర వాచీ చూసుకుంటాను. ఏడైందంటే వెనక్కి. పైకి ఇంకెంత ఉంది, కాళ్లలో ఎంత బలముంది అన్న లెక్కలు వెయ్యను, ఎందుకంటే వేడెక్కిన తల వేసే లెక్క నమ్మకూడదని ఆ రోజు చూశాను. వాచీ వేడెక్కదు. సగం నీళ్లు అయిపోయినా వెనక్కే. మనుషులు ఎంతమంది ఉన్నా అందరి చేతా ఉప్పు మజ్జిగ తాగించాకే కారు తలుపు వేస్తాను. మజ్జిగ అంటే ఇష్టం లేనివాళ్లకు ఆవకాయ ముక్క.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అమ్మానాన్నలు వచ్చేది మన పిల్లల సెలవుల్లో, అంటే జూన్, జులైల్లో. వాళ్లకు ఊరు చూపించాలని మన తాపత్రయం. ఎండ వాళ్లకు అలవాటేలే అనుకుని మధ్యాహ్నం పూట వ్యూపాయింట్ల చుట్టూ తిప్పుతాం. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్లను బయటికి పంపేవే. పెద్దవయసులో దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. వాళ్లు వద్దనరు, పిల్లలు బాధపడతారని. గ్రాండ్ కాన్యన్‌లో వేసవిలో పది నుంచి నాలుగు దాకా లోయలోకి నడవొద్దని బోర్డులున్నాయి. వాళ్లు మన చేతిలో చెయ్యి వేసి దిగేముందు ఆ బోర్డు మనం చదవాలి.

మా తమ్ముడు ఆ తర్వాత నెల రోజులు కొండ మాటెత్తలేదు. పిక్క మీద ముళ్లు దిగిన చోట నల్లటి చుక్కలు చాన్నాళ్లున్నాయి. అక్టోబరులో వాడే ఫోన్ చేసి వెళ్దామన్నాడు. వెళ్లాం, ఫ్లాట్‌ఐరన్ పైదాకా. దిగేటప్పుడు బేసిన్‌లో ఆ బండ దగ్గర ఆగి, దాని కింద రెండు నిమిషాలు కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు.

ఈ మధ్య వాడి యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన పిల్లలు నలుగురు నన్ను గ్రూపులో చేర్చుకున్నారు. ఇద్దరిది గుంటూరు వైపు, ఒకడిది నల్గొండ, ఒకమ్మాయిది రాజమండ్రి. మొన్న ఒకతను మెసేజ్ పెట్టాడు: "అన్నా, శనివారం ఫ్లాట్‌ఐరన్ పోదామా? తొమ్మిదింటికి బయల్దేరితే సరిపోతుందా? మాది రెంటచింతల అన్నా, ఎండ మాకు లెక్క కాదు."

నేను జవాబు రాసేలోపే మా తమ్ముడు రాశాడు: "తెల్లారగట్ల నాలుగున్నరకి అపార్ట్‌మెంటు కిందికి దిగి ఉండండి. మనిషికి ఐదు లీటర్లు. అన్న మజ్జిగ తెస్తాడు. ఎవరి దువ్వెన వాళ్లు తెచ్చుకోండి."